తాలూకా దవాఖాన బాట

పోయిన వారం కురుమయ్యను మాదారం బాటల కాడ విడిచాం. అతని బండిలో జొన్నచొప్ప మీద మురహరిరావు దొర సోయి తప్పి పడి ఉన్నాడు. పొద్దున అడవిపంది షికారులో తమ్ముడు కిషన్‌రావు చేతిలో తుపాకి జారి పేలిందనీ, గుండు అన్న తొడలో దిగిందనీ షికారుకు పోయినవాళ్లంతా చెప్పారు. దేశదేశాల లడాయి మొదలైనప్పటి నుంచి పెట్రోలు దొరక్క గడీ మోటారు కొట్టంలో దుమ్ము కొట్టుకుపోతోంది. ఆ చుట్టుపక్కల బండి తోలుతున్నది గడీ జీతగాడు కురుమయ్య ఒక్కడే. చొప్ప సగం కిందికి దొర్లించి దొరను అందులోకే ఎత్తారు. "పాదరీల దవాఖానకు తోలు, జల్ది" అని చెప్పి కిషన్‌రావు గుర్రమెక్కి గడీ దిక్కు పోయాడు.

మాదారం దగ్గర బాట రెండుగా చీలుతుంది. కుడికి పోతే పాదరీల దవాఖాన, ఎడమకు పోతే తాలూకా ఊళ్లోని సర్కారు దవాఖాన. దూరం రెంటికీ ఇంచుమించు ఒకటే. కురుమయ్య చాలాసేపు అక్కడ ఆగాడు. ఆ తర్వాత ఎడమ పగ్గం లాగాడు.

ఎడ్లు తిరిగాయి. కోస్గి అంగట్లో దొర కోసం కురుమయ్యే ఏరి తెచ్చిన ఎడ్లు అవి. ఎటు లాగితే అటు పోతాయి. పోయిన ఎండకాలం కూడా అతడు వాటిని ఇదే చోట ఇట్లాగే ఎడమకు తిప్పాడు. అప్పుడు చొప్ప మీద పడి ఉన్నది అతని కొడుకు సోమన్న.

గడీ తోటలో బాయి తవ్వుతున్న రోజులవి. అడుగున బండ తగిలింది. మందు పెట్టి పేల్చమని గడీ నుంచి మాట వచ్చింది. లోపలివాళ్లు పైకెక్కకముందే వత్తి అంటుకుంది. బాయిలో సోమన్న, బాలస్వామి ఇద్దరూ చిక్కుకున్నారు. పగిలిన బండ ఇద్దరి కాళ్ల మీదా పడింది. నిజం చెప్పాలంటే దెబ్బ బాలస్వామికే ఎక్కువ, వాడి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. వాడి మేనమామ ఇస్రాయేలు ఎవరినీ అడగలేదు. మేనల్లుణ్ని నులక మంచం మీద వేయించి, నలుగురితో మోయించి, నేరుగా పాదరీల దవాఖానకు తీసుకుపోయాడు. సోమన్నను బండిలో పడుకోబెట్టేసరికి గడీ జవాను పెద్దులు వచ్చాడు. "దొర హుకుం. తాలూకాకే తోలాలె. పాదరీల దిక్కు తిప్పినవో, ఎడ్ల కాళ్లిరుగుతయి, ఎనక నీవి" అని కర్ర పట్టుకుని బండి వెనకాల ఎక్కి కూర్చున్నాడు.

బాటల కాడికి వచ్చాక సోమన్న తల ఎత్తి చూశాడు.

"బాపూ, బాలిగాన్ని అటు కొంచవోయిండ్రు. నన్ను గూడ అటే కొంచవోరాదే."

కురుమయ్య వెనక్కి తిరిగి పెద్దులు చేతిలోని కర్రను చూశాడు. ఎడమ పగ్గం లాగాడు.

బాలస్వామి ఇప్పుడు కుంటుకుంటూ మేకలు కాస్తున్నాడు. సోమన్న మట్టిలో ఉన్నాడు. ఊళ్లో బాలస్వామి ఎదురైతే కురుమయ్య వాడి ముఖం చూడలేడు, కాళ్ల దిక్కు చూసి పక్కకు తప్పుకుంటాడు. ఇంట్లో జంగమ్మ మొగుడితో మాటలు తగ్గించేసింది. పొద్దుగూకి అతడు గడీ నుంచి వచ్చాక జొన్న గటక వడ్డించిన కంచం ముందు పెట్టి ఒక్కటే అడుగుతుంది.

"దొర మంచిగున్నడా?"

"ఉన్నడు."

అంతే. అతడు తల దించుకుని తింటాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆముదపు చేలు దాటి బండి రాళ్లబాటలో పడింది. కుదుపుకు దొర మూలిగి కళ్లు తెరిచాడు. తొడకు కట్టిన రుమాలు తడిసి నల్లబడింది. కాసేపు ఆకాశం చూశాడు, తర్వాత పక్కకు చూశాడు.

"అరేయ్ కురుమిగా, గుట్ట ఇటు దిక్కు వచ్చిందేందిరా? బాట తప్పినవా?"

"తప్పలే."

"మరి?"

"తాలూకాకు పోతున్నం."

దొర మోచేతి మీద లేవబోయాడు, లేవలేక మళ్లీ చొప్పలో పడ్డాడు. "తాలూకాకా? నీకు మతి పోయిందా? ఏమున్నదిరా ఆడ? డాక్టరు నెలల తరబడి రాడు. ఆ కంపౌండరు మంచి పట్టీ గూడ కట్టలేడు. అది దవాఖాననా, గొడ్ల కొట్టమా? తిప్పు బండి!"

కురుమయ్య బండి తిప్పలేదు, ఆపాడు. నొగ మీది నుంచి దిగి, వెనక్కి వచ్చి, దొర ముఖం కనబడేట్టు నిలబడ్డాడు. బుద్ధి తెలిసినప్పటి నుంచి అతడు దొర ముందు అంత నిటారుగా నిలబడింది లేదు.

"అయితే మీకు ఎరికేనన్నట్టు. ఆడ ఏం లేదని మీకు ముందుగాలనే ఎరికె."

దొరకు ఆ మాట ఎక్కడ తగిలిందో తెలిసింది.

"నాకే ఎరుక లేకుండె. దవాఖాన అంటే అన్నీ ఒకటే అనుకున్న. సూది ఉంటది, మందుంటది, మనిషిని నిలబెడ్తరు అనుకున్న. చెప్పాల్నా దొరా, ఆడ ఏమైందో? ఎట్లైనా పోతున్నరు గదా, తెలుసుకోండ్రి."

"నీళ్లు..." అన్నాడు దొర.

నొగకు వేలాడదీసిన సొరకాయ బుర్ర తీసి కురుమయ్య తాను తాగాడు. తొందర లేకుండా, గడగడా చప్పుడు వచ్చేట్టు తాగి, మూతి తుడుచుకుని, బుర్రను మళ్లీ అక్కడే తగిలించాడు.

"నా కొడుకును వాకిట్ల అరుగు మీద పండవెట్టిండ్రు. లోపల జాగ లేదన్నరు. లోపల ఎవ్వరు లేరు, నేను తొంగి చూసిన. కంపౌండరు వచ్చి నెత్తురు కారంగ మీదికెళ్లి పట్టీ చుట్టిండు. మట్టి కడగలే. రాళ్ల పొడి అంత గాయంలనే ఉండె. ఎర్ర నీళ్లు సీసల పోసిచ్చి తాపమన్నడు. మొదలు కాలు ఉబ్బుతది దొరా. పట్టీ బిర్రుగైతది, ఇప్పమని ఏడుస్తరు. ఎనక వాసన వస్తది. దూరంకెళ్లి కుక్కలు వచ్చి కూసుంటయి. అవ్వను పిలుస్తరు, బాపును పిలుస్తరు. జరం నెత్తికెక్కినంక ఎవర్ని పిలుస్తున్నరో గూడ తెల్వది. నా కొడుకు ఆఖరుకు ఎడ్లను పిలిచిండు."

ఆ మాటలు అతడు ఎన్నోసార్లు, చేలల్లో, ఎడ్లతో ఒంటరిగా ఉన్నప్పుడు, దొరకు చెబుతున్నట్టే చెప్పుకున్నాడు. ఈ రోజు దొర విన్నాడు. అతని కళ్లల్లో భయం కదలటం చూసి కురుమయ్య లోపల ఏదో చల్లబడింది, ఎండిన చెల్క నేల మీద చినుకు పడ్డట్టు.

"బాలిగాన్ని పాదరీల దవాఖానల ఏం చేసిండ్రో తెలుసా? కాగబెట్టిన నీళ్లతోని గంట కడిగిండ్రట. చెడిన మాంసం కోసి తీసేసిండ్రట. కాలుకు కట్టెలు కట్టి, ఎన్ని దినాలైనా ఇంటికి తోలలే. వానికి పెద్ద దెబ్బ, నా కొడుక్కు చిన్న దెబ్బ. వాడు మేకలు కాస్తుండు. మీ హుకుం లేకుంటె నా కొడుకు గూడ మేకలు కాసేటోడు."

"కురుమిగా, నీకు భూమి రాసిస్త. బాయి కాడిది. నల్లరేగడి."

"ఏ బాయి కాడిది దొరా?"

దొర నాలుక కరుచుకున్నాడు. కురుమయ్య మళ్లీ నొగ మీదికి ఎక్కి ఎడ్లను అదిలించాడు. దొర తిట్టాడు. ఊరు తగలబెట్టిస్తానన్నాడు. పోలీసు అమీనుతో చెప్పి ఉరి తీయిస్తానన్నాడు. బతిమాలాడు కూడా. కురుమయ్య ఎడ్లతో మాట్లాడుతున్నాడే తప్ప దొరతో మాట్లాడలేదు. బాట పక్క పరికి పొదల్లోంచి కముజు పిట్టలు లేచాయి. ఇంకొంత దూరం పోతే తాలూకా కచ్చేరి పెంకులు కనబడతాయి.

అప్పుడు వెనక నుంచి దొర గొంతు మారింది.

"కురుమయ్యా."

కురుమయ్య చేతిలోని ముల్లుగట్టె ఆగింది. దొర నోట తన పేరు పూర్తిగా వినటం అతనికి అదే మొదలు.

"ఆ హుకుం నేనియ్యలే కురుమయ్యా. నీ కొడుక్కు దెబ్బ తాకిన్నాడు నేను పట్నంల ఉన్న. ఆ హుకుం ఇచ్చింది నా తమ్ముడు."

"అబద్ధం."

"నువ్వు చూసినవా? నా నోటితోని విన్నవా? జవాను వచ్చి దొర హుకుం అన్నడు. గడీల దొరలు ఇద్దరు. ఆ పేల్చే మందు కిషన్‌రావే చాటుంగ తెప్పిచ్చిండు. లడాయి దినాలు, మందు సర్కారుకు తెల్వకుంట కొన్నోన్ని జైల్ల పెడతరు. పాదరీ దవాఖానల తెల్లదొరసాని దెబ్బ ఎట్ల తాకిందని తరిచి తరిచి అడుగుతది, అడిగి తాలూక్‌దారుకు చెప్తది. బాలిగాడు ఒక్కడే అయితే బండ జారిందని చెప్పిపియ్యొచ్చు, ఇద్దరు పోతే దాగదని నీ కొడుకును అటు పోనియ్యలే."

ఆ దినం కురుమయ్య చూసింది పెద్దులును, దొరను కాదు. ఎడ్లు మెల్లగయ్యాయి.

"పొద్దుగాల సంగతి ఆలోచించు" దొర రొప్పుతూ అన్నాడు. "పంది నా ముందట ఉన్నది. కిషన్‌రావు నా ఎనక ఉన్నడు. తుపాకి జారింది అంటున్నరు. ఎట్ల జారింది? ఎక్కిచ్చేటప్పుడు ఒక్క జవానునన్న నాకు తోడిచ్చిండా? షికారుకు వచ్చినోళ్లు అంతమంది ఉంటే, నన్ను నీ బండిల, ఒక్క నీతోని ఎందుకు తోలిండు? నువ్వు బాటల కాడ ఎటు తిప్పుతవో వానికి ఎరికె. నీ కడుపుమంట వానికి ఎరికె. వాడు ఏసిన గుండు సగం పని చేసింది. తక్కిన సగం నీతోని చేపిస్తుండు."

కురుమయ్య పగ్గాలు లాగి బండి ఆపాడు.

పొద్దున కిషన్‌రావు ముఖం అతనికి గుర్తుకొచ్చింది. అన్న నెత్తురు కారుతుంటే ఆయన చేతులు శుభ్రంగా ఉన్నాయి. షికారుకు వచ్చినవాళ్లల్లో ఒకరిద్దరు బండెక్కబోతే వద్దన్నది ఆయనే. "కురుమడు మనోడే, కొంచవోతడు" అన్నాడు. అన్నప్పుడు కురుమయ్య కళ్లల్లోకి ఒక్క క్షణం చూశాడు. ఆ చూపుకు అర్థం అప్పుడు తెలియలేదు.

ఇప్పుడు తెలిసినట్టనిపించి అతని ఒళ్లంతా మండింది. బాటల కాడ తన పగ తానే తీర్చుకుంటున్నానని అనుకున్నాడు. జీవితంలో ఒక్కసారి తన చేయి తన మాట విన్నదనుకున్నాడు. అది కూడా గడీ పనేనా? కొడుకును చంపినవాడే, ఆ కొడుకు చావును కూడా పనికి పెట్టుకున్నాడా?

"నన్ను బతికించు" అన్నాడు దొర. "నేను లేస్తే వాన్ని ఉంచను. నువ్వే చూద్దువు, వాన్ని నీ గుడిసె ముంగట పడేస్త. నేను సస్తే గడీ వానిది. వాన్ని ముట్టుకునేటోడు ఈ జిల్లాల ఎవ్వడు ఉండడు."

కురుమయ్య కిందికి దిగాడు. ఎడ్ల ముందుకు పోయి వాటి మూతులు పట్టుకుని నిలబడ్డాడు. జాలి ఏమీ కలగలేదు అతనికి. దొర బతికితే బాగుండునన్న కోరిక కూడా లేదు. ఒక్కటే లెక్క వేసుకున్నాడు: ఈ మనిషి చస్తే తన పగ దారి తప్పుతుంది, బతికితే గడీలోకి పోతుంది. తాను పోలేని చోటికి, తాను పెట్టలేని దెబ్బ పెట్టడానికి, దొరే పోతాడు.

కాడి పట్టుకుని ఎడ్లను వచ్చిన దిక్కుకే తిప్పాడు.

"ఒకటి యాదికుంచుకో" అన్నాడు, బండెక్కుతూ. 'మీరు' పోయి 'నువ్వు' రావటం ఇద్దరూ గమనించారు. "నిన్ను బతికిస్తలేను నేను. నీ తమ్మున్ని చంపుతున్న."

సొరకాయ బుర్ర తీసి దొర నోటికి అందించాడు. కురుమయ్య వాడలో ఎవరి చేతి నీళ్లూ ముట్టని మనిషి రెండు చేతులా పట్టుకుని తాగాడు.

ఆ తర్వాత కురుమయ్య ఎడ్లను ఎప్పుడూ కొట్టనంతగా కొట్టాడు.

పాదరీల దవాఖాన చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. తెల్లదొరసాని ఊళ్ల మీదికి పోయింది. ఉన్నది గుంటూరు దిక్కు నుంచి వచ్చిన డాక్టరు లీలమ్మ, నర్సు జానమ్మ. పని చేసే మగవాళ్లు కూడా దొరసాని వెంటే పోయారు. లీలమ్మ బండి దగ్గరికే వచ్చి, ఎవరు ఏమిటి అని అడగకముందే దొర చేయి పట్టి నాడి చూసింది, రుమాలు ఎత్తి గాయం చూసింది.

"లోపలికి. వెంటనే."

కురుమయ్యే దొరను ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. సున్నం వేసిన గది, మధ్యలో ఎత్తయిన బల్ల, పొయ్యి మీద తెర్లుతున్న నీళ్లు. బాలస్వామిని కడిగిన నీళ్లు ఇట్లాంటివే కాబోలు. మూలన నిలబడి అన్నీ చూశాడు. ఏదీ బంగారం కాదు. నీళ్లు, సబ్బు, శుభ్రమైన గుడ్డలు, పని తెలిసిన ఇద్దరు ఆడవాళ్లు. ఇంతేనా? నా కొడుకుకు తక్కువైంది ఇంతేనా? అనుకున్నాడు.

లీలమ్మ అతని దిక్కు తిరిగింది.

"ఏమయ్యా, నెత్తురు చూసి పడిపోతావా?"

"పడ."

"అయితే చేతులు కడుక్కురా. మోచేతుల దాకా, సబ్బుతో. జానమ్మ మత్తుమందు చూసుకోవాలి, నాకు ఇంకో చెయ్యి కావాలి."

రుమాలు విప్పగానే గడ్డకట్టిన నెత్తురు ఊడి వచ్చింది. దాని వెనకే ఎర్రటి ధార లేచింది. లీలమ్మ కురుమయ్య చేయి లాగి, దొర గజ్జ దగ్గర, ఎముకకు ఆనించి, అతని బొటనవేలు పెట్టి, పైనుంచి తన చేత్తో నొక్కింది.

"ఇక్కడ. బలమంతా పెట్టు. నరం కొట్టుకుంటోందా?"

"కొట్టుకుంటుంది."

"అదే. నేను చెప్పేదాకా వదలకు. తెగిన చోటు దొరికించుకుని ముడి వెయ్యాలి నేను. వేలు తీశావంటే మనిషి దక్కడు."

ధార ఆగింది. లీలమ్మ గాయం మీదికి వంగింది. దొర నీడను కూడా దాటకుండా బతికిన కురుమయ్య, ఇప్పుడు దొర ప్రాణం తన వేలి కింద తపతపలాడుతుంటే, కదలకుండా నిలబడ్డాడు. చెమట కళ్లల్లోకి కారినా తుడుచుకోలేదు. బతకాలె, గడీకి పోవాలె, కిషన్‌రావు మెడ పట్టాలె, అని లోలోపల అనుకుంటూనే ఉన్నాడు.

జానమ్మ దొర ముక్కు మీద గుడ్డ పరిచి మందు చుక్కలు వేస్తోంది. దొర తల అటూ ఇటూ కొట్టుకున్నాడు. ఏదో గొణిగాడు.

"మత్తు ఎక్కేటప్పుడు అందరూ ఇట్లనే మాట్లాడుతరు" అంది జానమ్మ. "ఏం కాదు."

దొర గొంతు పెరిగింది. ముద్దముద్దగా, తాగినవాడిలా, కానీ ప్రతి మాటా తెలిసేట్టు.

"నువ్వు ఊకో కిషన్... నీకు తెల్వది... పాదరీల కాడికి వద్దు... ఆ తెల్లముండ అడుగుతది మందు ఎవరు తెచ్చిండ్రని... నా పేరే చెప్తరు..."

కురుమయ్య తల ఎత్తాడు.

"పానం పోతది, పానం పోతది అని నువ్వెందుకు ఏడుస్తవ్ కిషన్... జీతగాని కొడుకు... పోతే పోనీ... పెద్దులూ, తాలూకాకే తోలిపియ్యి వాన్ని... మధ్యల ఎక్కడ తిప్పనీయకు... వాని అయ్యతోనే తోలిపియ్యి..."

దొర నవ్వినట్టు ఒక చప్పుడు చేశాడు. తర్వాత గురక అందుకుంది. జానమ్మ చుక్కలు ఆపి, కనురెప్ప ఎత్తి చూసి, "పడుకున్నడమ్మా" అంది.

హుకుం ఇచ్చింది ఈ మనిషే. అడ్డం పడింది, పానం పోతుందని బతిమాలింది ఆ తమ్ముడు. తాలూకా బాట మీద, ఎండలో, దొర తనకు చెప్పిన ప్రతి మాటనూ కురుమయ్య ఒక్కొక్కటే తిరగేసి చూసుకున్నాడు. తన చేతులతో నీళ్లు తాగించాడు. తన చేతులతో ఎత్తుకొచ్చాడు. తన ఎడ్లను నోట నురుగు వచ్చేట్టు కొట్టాడు.

వేలి కింద నరం నిదానంగా, నిబ్బరంగా కొట్టుకుంటోంది.

"బాగా పట్టావయ్యా" అంది లీలమ్మ, తల ఎత్తకుండానే. "తెగిన కొస కనబడింది. ఇంకాస్సేపు. దారం అందించు జానమ్మా."

"డాక్టరమ్మా" అన్నాడు కురుమయ్య.

"ఊఁ?"

"నేనిప్పుడు వేలు తీస్తే, ఎంతసేపట్ల పోతడు?"

లీలమ్మ చేతిలోని సూది ఆగిపోయింది. మెల్లగా తల ఎత్తి అతని ముఖంలోకి చూసింది. కురుమయ్య ఆమెను చూడటం లేదు. తన బొటనవేలును చూస్తున్నాడు.